మాటలకు మాత్రమే నెలవారీ రీచార్జి ఇవ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో లెక్కలు రాసే గుమాస్తాను. సెల్‌ఫోను రీచార్జిలో మాటలను, డేటాను విడదీయాలని, మాటలకు మాత్రమే సరిపోయే ప్యాకు నెల గడువుతో దొరకాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. అలాంటి ప్యాకులు ఇప్పటికే ఉన్నాయని కొందరు పాఠకులు అనవచ్చు. ఉన్న మాట నిజమే. అవి ఎవరి కోసం వచ్చాయో వాళ్ల చేతికి మాత్రం అందడం లేదు. ఎందుకు అందడం లేదో నా లెక్కల పుస్తకం చూసి చెప్పగలను.

మా మిల్లులో బస్తాలు మోసే హమాలీలు, యార్డులో ధాన్యం ఆరబోసేవారు, ఊడ్చేవారు చాలామంది బటన్ల ఫోనే వాడతారు. దుమ్ములో, చెమటలో అది నిలుస్తుంది. ఒకసారి చార్జింగు పెడితే రెండు మూడు రోజులు వస్తుంది. కింద పడినా పగలదు. వాళ్లకు ఫోనుతో ఉన్న పని కొద్దిపాటిదే. లారీ వచ్చిందని మేస్త్రీ పిలిస్తే వినాలి, ఇంటికి ఒక మాట చెప్పాలి, బ్యాంకులో డబ్బులు పడిన మెసేజీ రావాలి. రీచార్జి చేయించుకోవడానికి బజారుకు వెళితే పూట పోతుంది కాబట్టి నన్ను అడుగుతారు. నేను నా ఫోనులోంచి చేసి, పేరు ఎదురుగా రాసుకుంటాను. వారం బట్వాడా రోజున వాళ్లు ఆ డబ్బులు ఇచ్చేస్తారు. అందువల్ల ఎవరు ఎంత పెట్టి ఏ ప్యాకు వేయించుకుంటున్నారో నాకు కంటి ముందు కనిపిస్తుంది.

దాదాపు అందరూ వేయించుకునేది 28 రోజుల చిన్న ప్యాకే. 2024 జులైలో ధరలు పెరిగినప్పుడు ఎయిర్‌టెల్‌లో అది 179 నుంచి 199 రూపాయలకు, జియోలో 155 నుంచి 189 రూపాయలకు చేరింది. ఆ ప్యాకులో మాటలు అపరిమితం, దాంతో పాటు 2 జీబీ డేటా. బటన్ల ఫోనులో ఆ డేటా ఒక్క బొట్టు కూడా వాడుకలోకి రాదు. గడువు తీరగానే పోతుంది. మళ్లీ 28 రోజులకు మళ్లీ కొంటారు, మళ్లీ పోతుంది. ఏడాదికి పదమూడు సార్లు ఇదే జరుగుతుంది.

ప్యాకు వేయించకుండా నాలుగు రోజులు ఆగుదామంటే కుదరదు. గడువు దాటితే ముందు బయటికి చేసే కాల్స్ ఆగుతాయి, ఆ తర్వాత వచ్చే కాల్స్ కూడా ఆగిపోతాయి. మా మిల్లులో ఊడ్చే ఒక ఆమె కూతురు గురుకులంలో చదువుతోంది. హాస్టలు రికార్డులో ఉన్నది తల్లి నంబరే. మొన్న యాసంగి ధాన్యం రాకముందు, మిల్లులో పని పలచగా ఉన్న రోజుల్లో, ఆమె రీచార్జి వాయిదా వేసింది. సరిగ్గా అప్పుడే పిల్లకు జ్వరం వచ్చింది. హాస్టలు వాళ్లు ఎన్నిసార్లు చేసినా ఫోను కలవలేదు. చివరికి ఆ పిల్లే మా మిల్లు పేరు చెబితే ఎవరినో అడిగి నంబరు పట్టుకుని ఆఫీసుకు చేశారు. నేను యార్డులోకి వెళ్లి చెప్పేసరికి ఆమె చీపురు అక్కడే పడేసి బస్టాండుకు పరుగు తీసింది. పిల్ల కోలుకుంది. మర్నాడు తిరిగి వచ్చి ఆమె నన్ను అడిగిన మొదటి మాట: "సారూ, ఫోను వస్తే చాలు నాకు. ఒట్టి ఫోను రావడానికి ఎంత అవుతుంది?" ఆ ప్రశ్నకు జవాబుగా నా దగ్గర ఉన్నది డేటా కలిపిన 28 రోజుల ప్యాకు ఒక్కటే. కొనలేని పెద్ద ప్యాకు పేరు చెప్పి ఆమెను ఇంకా బాధపెట్టడం ఎందుకని ఊరుకున్నాను.

ఆ పెద్ద ప్యాకు సంగతి ఇప్పుడు చెబుతాను. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరు 23న వినియోగదారుల రక్షణ నిబంధనలకు పన్నెండవ సవరణ తెచ్చింది. ప్రతి కంపెనీ డేటా లేకుండా, మాటలు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్రత్యేక ఓచరు, అంటే రీచార్జి ప్యాకు, కనీసం ఒకటి ఇచ్చి తీరాలని అందులో చెప్పింది. దేశంలో ఇంకా సుమారు 15 కోట్ల మంది ఫీచర్ ఫోన్లే, అంటే బటన్ల ఫోన్లే వాడుతున్నారన్న లెక్కను కూడా ట్రాయ్ ఆ సందర్భంలో ప్రస్తావించింది. చాలా మంచి నిర్ణయం. పేపర్లో చదివిన రోజు నేను మా వాళ్లందరికీ చెప్పాను కూడా. కానీ ఆ సవరణలో గడువుకు గరిష్ఠ పరిమితే పెట్టారు: 365 రోజులు దాటకూడదని. కనీసం ఒక ఓచరైనా నెల గడువుతో ఉండాలని ఎక్కడా రాయలేదు. కంపెనీలు ఆ ఖాళీలోంచే నడిచాయి. 2025 జనవరిలో పెద్ద ప్రైవేటు కంపెనీలు తెచ్చిన డేటా లేని ఓచర్లు కొన్ని 84 రోజులవి, కొన్ని ఏడాదివి లేదా దానికి దగ్గరివి. ఎయిర్‌టెల్‌లో 84 రోజులకు 469 రూపాయలు, ఏడాదికి 1,849 రూపాయలు. జియోలో 84 రోజులకు 448, 336 రోజులకు 1,748 రూపాయలు.

ఇక్కడ లెక్క చూడండి. 84 అంటే మూడు 28లు. 469ని మూడు భాగాలు చేస్తే 28 రోజులకు 156 రూపాయల 33 పైసలు. అంటే 28 రోజులు మాట్లాడుకోవడానికి అంత తీసుకుంటే తమకు గిట్టుబాటవుతుందని కంపెనీయే ఒప్పుకున్నట్టు. కానీ ఆ 156 రూపాయలను విడిగా తీసుకోదు. 469 ఒకేసారి పెట్టగలిగినవాడికే ఆ ధర. పెట్టలేనివాడు 199 పెట్టి తనకు అక్కర్లేని 2 జీబీ కూడా కొనుక్కోవాలి. మూడుసార్లు కొంటే 597 రూపాయలు. అదే 84 రోజులకు 128 రూపాయలు ఎక్కువ. ఏడాది మీద చూస్తే పదమూడు 199లు 2,587. ఏడాది ఓచరు 1,849. తేడా 738 రూపాయలు. ఏడాది డబ్బు ఒక్కసారి కట్టగల ఇంట్లో సాధారణంగా స్మార్ట్‌ఫోను ఉంటుంది, డేటా అవసరమూ ఉంటుంది. డేటా అవసరం లేని ఇంట్లో ఒక్కసారి 1,849 తీయడం సాధ్యం కాదు. ఈ ఓచరు అవసరమైనవాడికి దాని ధర అందదు, ధర అందినవాడికి దాని అవసరం లేదు. వారం కూలి మీద బతికే మనిషి ఏడాదికి 738 రూపాయలు ఎక్కువ కడుతున్నాడు. అది కూడా ఒక్కసారి పెద్ద మొత్తం పెట్టలేకపోయినందుకు. నా కోపమంతా ఇక్కడే.

ధర నిర్ణయించిన తీరు కూడా చెప్పుకోవాలి. ఎయిర్‌టెల్‌లో అంతకుముందు 509 రూపాయలకు 84 రోజుల ప్యాకు ఉండేది, అందులో 6 జీబీ డేటా. కొత్త నిబంధన వచ్చాక ఆ 6 జీబీ తీసేసి ధర 499 చేశారు. అంటే 6 జీబీ విలువ పది రూపాయలు! ట్రాయ్ ఈ కొత్త ఓచర్లను పరిశీలిస్తామని బహిరంగంగా ప్రకటించాక అది 469కి దిగింది. జియో ధర కూడా 458 నుంచి 448కి వచ్చింది. అదే కాలంలో ఎయిర్‌టెల్‌లో విడిగా ఒక రోజుకు ఒక జీబీ కావాలంటే 22 రూపాయలు. ప్యాకులోంచి తీసేటప్పుడు ఆరు జీబీలు కలిపి పది రూపాయలు, మనం కొనేటప్పుడు ఒక్కటే 22 రూపాయలు. మా మిల్లులో కొనుబడికి ఒక రేటు, అమ్మకానికి ఒక రేటు ఉంటాయి, ఆ తేడా మా ఖర్చు, మా లాభం. అది ఎవరికైనా అర్థమవుతుంది. కానీ ఇంత తేడా ఏ లెక్కలోనూ ఇమడదు. ట్రాయ్ ఒక్క మాట అనగానే 30 రూపాయలు తగ్గాయంటే, ఇంకొంచెం గట్టిగా అడిగితే ఇంకా తగ్గే వీలుందని నాకు అనిపిస్తోంది.

బీఎస్ఎన్ఎల్ పేరు చెప్పకపోతే న్యాయం కాదు. డేటా లేకుండా 439 రూపాయలకు 90 రోజుల ఓచరు వాళ్లకు ఈ నిబంధన రాకముందు నుంచీ ఉంది. ఇంకా తక్కువ రోజులకు, తక్కువ డబ్బుకు మాటలు మాత్రమే ఇచ్చిన ఓచరు కూడా వాళ్ల దగ్గర ఉండేది. కాబట్టి చిన్న గడువుతో మాటల ప్యాకు అసాధ్యమని ఎవరూ అనలేరు.

బటన్ల ఫోను వాడేవాళ్లదే ఈ బాధ అనుకోవద్దు. ఈ ఏడాది మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో చేరాడు. వాడికి 11,500 రూపాయల స్మార్ట్‌ఫోను కొన్నాం. దుకాణంలో కెమెరా గురించి, బ్యాటరీ గురించి, వాయిదాల గురించి ఎంతో ఓపికగా చెప్పారు. 5జీ ఫోను అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. కానీ ఆ 5జీ నడవాలంటే ఏ ప్యాకు ఉండాలో పెట్టె మీద లేదు, దుకాణంలో ఎవరూ చెప్పలేదు. 2024 జులై నుంచి రెండు పెద్ద కంపెనీలూ అపరిమిత 5జీని రోజుకు 2 జీబీ, అంతకు మించిన ప్యాకులకే పరిమితం చేశాయి. ఆ ధరల ప్రకారం జియోలో 28 రోజులకు 349 రూపాయలు, ఎయిర్‌టెల్‌లో నెలకు 379 రూపాయలు పెడితే గాని ఆ మెట్టు అందేది కాదు. 349ని పదమూడుతో గుణిస్తే ఏడాదికి 4,537. రెండున్నర ఏళ్లు తిరిగేసరికి ఇంకో ఫోను కొన్నంత డబ్బు రీచార్జిలకే పోతుంది. ఫోను మీద 18 శాతం జీఎస్టీ కట్టాం, రీచార్జి మీదా 18 శాతం కడుతున్నాం. ఫోను కొనేముందు తండ్రికైనా తల్లికైనా ఈ మొత్తం తెలియాలి కదా? ఫ్రిజ్ మీద కరెంటు వాడకం తెలిపే నక్షత్రాలు అంటిస్తారు. ఫోను పెట్టె మీద, "ఇందులోని 5జీ వాడాలంటే తగిన డేటా ప్యాకు అవసరం, కంపెనీని అడిగి తెలుసుకోండి" అని ఒక్క వాక్యం అచ్చు వేయడానికి ఏమవుతుంది?

అబ్బాయి పాత ఫోను మా ఆవిడకు వచ్చింది. ఇంట్లో వాడి చదువు కోసం ఫైబర్ కనెక్షను పెట్టించాం, నెలనెలా దానికి విడిగా కడుతున్నాం. మా ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. వీడియో చూసినా, మా ఆడపడుచుతో మాట్లాడినా అంతా వైఫై మీదే. ఆమె సిమ్‌కు డేటా ఎందుకు? ఇల్లు మొత్తానికీ సరిపడా డేటా ఒకచోట కొన్నాక, అదే ఇంట్లో ప్రతి సిమ్‌కూ మళ్లీ రోజుకు ఒకటిన్నర జీబీ చొప్పున కొనమనడం ఏ లెక్క? వాడకపోతే అర్ధరాత్రికి ఆ రోజు వాటా రద్దయిపోతుంది, మర్నాటికి కలవదు. ఆమెకు డేటా లేని ప్యాకు వేద్దామని కంపెనీ యాప్ తెరిచాను. మొదటి పేజీ నిండా సినిమాలు, క్రికెట్ చూపించే పెద్ద ప్యాకులే. "అందరూ ఎంచుకునేవి", "మీ కోసం" అన్న శీర్షికల కింద ఎక్కడా అది లేదు. పక్కకు జరుపుకుంటూ చివరి వరుసల్లోకి వెళ్లి వెతికితే దొరికింది. బజారులో రీచార్జి దుకాణం అతన్ని అడిగితే అలాంటిది ఉన్నట్టు తనకే తెలియదన్నాడు. అతని తప్పేమీ లేదు, అతనికి ఇచ్చిన రంగుల పట్టికలో అది లేదు. రోజంతా అంకెలతో ఉండే నాకే వెతకడం ఇంత పని అయితే, చదవడం రాని హమాలీ ఎలా వెతుకుతాడు?

మా అమ్మ సిమ్ కథ ఇంకొకటి. 2006 ప్రాంతంలో 999 రూపాయలు కడితే జీవితాంతం ఇన్‌కమింగ్ ఉచితమని కంపెనీలు ఊరూరా చెప్పిన రోజుల్లో మా నాన్న ఆమెకు ఆ సిమ్ కొనిచ్చారు. 2018 చివర్లో నెలనెలా కనీస రీచార్జి పద్ధతి వచ్చింది, మొదట్లో 28 రోజులకు 35 రూపాయలు. 35 పెద్ద మొత్తం కాదని అందరం సర్దుకున్నాం. అక్కడి నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి ఇప్పుడు 199 దగ్గర ఉన్నాం. ఆమె పింఛను, బ్యాంకు ఖాతా, ఆధార్, గ్యాసు అన్నీ ఆ నంబరుతోనే ముడిపడి ఉన్నాయి. కళ్లు సరిగా కనిపించని డెబ్బై దాటిన మనిషికి నంబరు మార్చి, ప్రతి కార్యాలయానికీ తిప్పి, వేలిముద్రలు వేయించడం మా వల్ల అయ్యే పని కాదు. కంపెనీలకూ ఈ సంగతి తెలుసు. నంబరు వదులుకోలేని స్థితిలో మనిషి ఉన్నప్పుడు ధర ఎంత పెట్టినా కడతాడు. ఆ స్థితిని తెచ్చింది ప్రభుత్వమే: ప్రతి పనికీ ఓటీపీ కావాలంది. మంచిదే, మోసాలు తగ్గడానికి అది కావాలి. అలాంటప్పుడు ఓటీపీ అందుకునే నంబరును నిలబెట్టుకోవడానికి అయ్యే ఖర్చు అందరికీ అందేలా చూసే బాధ్యత కూడా ప్రభుత్వం మీదే ఉంటుంది.

కంపెనీల వాదన నేను వినకపోలేదు. టవర్లు, స్పెక్ట్రం, కొత్త నెట్‌వర్కులు వేల కోట్ల పని, దేశంలో డేటా ధరలు ప్రపంచంలోనే తక్కువ వాటిలో ఉన్నాయి, అన్నీ కలిపి ఇవ్వడమే జనానికి సుఖం అంటాయి. ఇందులో నిజం ఉంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది, మాటలకు నిమిషాల లెక్క పోయింది. మా అబ్బాయి లెక్కల పాఠాలు వింటున్నాడంటే దానివల్లే. డేటా చవకగా దొరకడం మీద నాకు ఏ పేచీ లేదు. కావలసినవాళ్లు రోజుకు మూడు జీబీలు కొనుక్కోనివ్వండి. అక్కర్లేనివాడి చేత కొనిపించవద్దన్నదే నా మాట. ఇక టవరు ఖర్చు అంటారా, ఆ ఖర్చంతా కలుపుకునే కదా 84 రోజులకు 469 అని ధర వేశారు? దానిలో మూడో వంతు గడువుకు మూడో వంతు ధర అడిగితే టవరు ఎందుకు బరువవుతుంది? చిన్న మొత్తాలు వసూలు చేయడానికి అదనపు ఖర్చు ఉంటుందంటే నాలుగు రూపాయలు ఎక్కువ వేసి 160 తీసుకోండి. మా వాళ్లు సంతోషంగా కడతారు.

ఇంకోవైపు చిన్న ప్యాకులు ఒక్కొక్కటే కనుమరుగవుతున్నాయి. 2025 ఆగస్టులో రోజుకు ఒక జీబీ ఇచ్చే 249 రూపాయల ప్యాకును రెండు పెద్ద కంపెనీలూ తమ ఆన్‌లైన్ జాబితాల్లోంచి తీసేశాయి. ధర పెంచామని చెప్పనక్కర్లేకుండానే, కింది మెట్టు తీసేస్తే జనం పై మెట్టు మీదికి వెళతారు. మొబైల్ ధరల్లో ట్రాయ్ సాధారణంగా జోక్యం చేసుకోదు, కంపెనీలు ధరలు తామే పెట్టుకుని, అమల్లోకి వచ్చిన ఏడు పనిదినాల్లోగా ట్రాయ్‌కు తెలియజేస్తే చాలు. పోటీ గట్టిగా ఉన్న రోజుల్లో ఆ పద్ధతి మనకు మేలే చేసింది. ఇప్పుడు బజారులో మిగిలింది ముగ్గురు ప్రైవేటు వ్యాపారులు, ఒక ప్రభుత్వ సంస్థ. ఒకరు ధర పెంచిన వారంలోపే మిగతావారూ పెంచుతున్నారు. 2024 జులైలో చూశాం కదా, ఒకటి రెండు రోజుల తేడాతో మూడు కంపెనీల కొత్త ధరలూ అమల్లోకి వచ్చాయి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(41) అని ఒకటి ఉంది. ఒక వస్తువో సేవో కావాలంటే ఇంకొక వస్తువో సేవో కూడా కొనాల్సిందేనని షరతు పెట్టడాన్ని ఆ సెక్షన్ నిర్బంధ వాణిజ్య పద్ధతి కిందికి తెచ్చింది. మా మిల్లుకు బియ్యం కోసం వచ్చిన మనిషితో, తవుడు బస్తా కూడా ఎత్తుకుంటేనే బియ్యం కాంటా వేస్తామని అంటే ఆ మనిషి ఊరుకుంటాడా? టెలికాం కంపెనీల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా అన్న సందేహం కూడా ఇప్పుడు లేదు, వెళ్లవచ్చని 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. డేటా లేని ఓచరు జాబితాలో ఒకటి ఉంది కాబట్టి షరతు పెట్టినట్టు కాదని కంపెనీల లాయర్లు అనవచ్చు. నెల గడువుతో కొనగలిగిన ప్రతిదానిలోనూ డేటా కలిపి ఉంటే, నెల డబ్బు మాత్రమే ఉన్న మనిషికి అది షరతు కాక మరేమిటి? న్యాయం తెలిసిన పెద్దలు, వినియోగదారుల సంఘాలవారు ఈ సెక్షన్ వైపు నుంచి ఒకసారి ఆలోచించాలని కోరుతున్నాను.

ట్రాయ్‌కు ఇది కొత్త పని కూడా కాదు. నెల అని చెప్పి 28 రోజులే ఇస్తున్నారని జనం గొడవ చేసినప్పుడు, 2022 జనవరిలో టారిఫ్ ఉత్తర్వును సవరించి, ప్రతి కంపెనీ 30 రోజుల గడువుతో కనీసం ఒక ప్యాకు, ప్రతి నెలా అదే తేదీన తిరిగి వేయించుకునే ప్యాకు మరొకటి ఇవ్వాలని ఆదేశించింది. కంపెనీలు ఇచ్చాయి, ఏ కంపెనీకీ దానివల్ల నష్టం వచ్చినట్టు వినలేదు. అదే చేత్తో డేటా లేని ఓచర్లకు కూడా ఒక నియమం రాయాలి: ఒకటి 30 రోజులకు, దాని రోజువారీ ధర పెద్ద గడువు ఓచరు రోజువారీ ధర కన్నా నాలుగైదు శాతానికి మించి ఎక్కువ కాకుండా. రీచార్జి దుకాణంలో వేలాడదీసే పట్టికలోనూ, యాప్ మొదటి పేజీలోనూ ఆ ఓచరు కనిపించాలి. దాన్ని తెలుగులో రాయాలి. రెండు రాష్ట్రాలైనా టెలికాం లెక్కలో మనం ఇంకా ఆంధ్రప్రదేశ్ పేరుతో ఒకే సర్కిల్, కాబట్టి ఒకే పట్టిక రెండు చోట్లా సరిపోతుంది. మన పార్లమెంటు సభ్యులు రెండు రాష్ట్రాల నుంచీ కలిసి ఈ ఒక్క విషయం అడిగినా కదలిక వస్తుంది. వారిలో ఒకరికి నేను ఇప్పటికే విడిగా రాశాను.

ఈలోగా పాఠకులకు పనికివచ్చే రెండు సంగతులు చెబుతాను, మా మిల్లులో చాలామందికి ఇవి తెలియవు. ఎంత ధర ప్యాకులో ఉన్నా, నంబరు మార్చకుండా వేరే కంపెనీకి వెళ్లడానికి 1900కు మెసేజీ పంపే వీలు కల్పించాలని ట్రాయ్ 2021 డిసెంబరులోనే కంపెనీలను ఆదేశించింది. ముందు పెద్ద రీచార్జి చేయించుకోండి, అప్పుడే మెసేజీ వెళుతుంది అని ఎవరైనా అంటే నమ్మవద్దు. రెండోది, సిమ్‌ను 90 రోజులు వాడకపోయినా ఖాతాలో 20 రూపాయలో అంతకు మించో బ్యాలెన్సు ఉంటే నంబరు రద్దు చేయకూడదు. అయితే నంబరు మిగలడం వేరు, దానికి ఫోను రావడం వేరు. గురుకులంలో పిల్ల ఉన్న తల్లికి రెండోదే కావాలి.

చివరిగా మీ పత్రికకు ఒక విన్నపం. మీరు రోజూ బంగారం ధర వేస్తారు, మార్కెట్ యార్డుల్లో ధాన్యం, పత్తి, మిర్చి ధరలు వేస్తారు. నెలకు ఒక్కసారి, మొదటి ఆదివారం, డేటా లేని రీచార్జిల పట్టిక ఒకటి వేయండి: కంపెనీ, ధర, ఎన్ని రోజులు, రోజుకు ఎంత పడుతుంది. నాలుగు కంపెనీలకు కలిపి పది వరుసలు దాటదు. రోజు ధర లెక్కగట్టడానికి మీ ఉపసంపాదకులకు తీరిక లేకపోతే ఆ లెక్క నేను వేసి పంపుతాను. ఏ నెలలో ఏ కంపెనీ గడువు తగ్గించిందో, ఏది జాబితాలోంచి మాయమైందో ఆ పట్టిక చూస్తే ట్రాయ్ వారికి కూడా తెలుస్తుంది.

ఇట్లు
ఒక మిల్లు గుమాస్తా,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా